తోటా

డిపోలో మా రూటు పక్కన
ప్రతి నెలా ఎర్ర సిరాతో ఒకటే మాట:
తోటా.
మరాఠీలో నష్టమని అర్థం.
పోశుబాయికి చదివి వినిపిస్తే
ఆకు నములుతూ అడిగింది:
"తోటనా? ఏమేం చెట్లున్నయ్‌రా సడవలీ అండ్ల?"

నేను కండక్టర్ని, ఇరవై రెండేళ్లుగా.
సిరొంచ, అంకీస, అసరెల్లి,
ఆపైన రోడ్డు ఎక్కడిదాకా మిగిలితే అక్కడిదాకా.
టికెట్టు మరాఠీలో కొట్టి
చిల్లర తెలుగులో లెక్కపెట్టి
దిగేటప్పుడు పైలమని మాడియాలో చెప్తాను.

గోదారికి ఆవలి ఒడ్డున ఆడోళ్లకు సున్నా టికెట్టు.
ఈవలి ఒడ్డున సగం టికెట్టు.
వాగులు పొంగితే మా చివరి ఊళ్లకు బస్సే పోదు.
లేని బస్సులో సగం ఎంతో
నా మిషను ఇప్పటిదాకా కొట్టి చూపలేదు.

నిరుడు జీపులో ముగ్గురొచ్చారు.
కరెంటు బస్సులకు సర్కారు పైసలు మంజూరట.
మంజూరు ఒక్కటే
రెండు భాషల్లోనూ ఒకే అర్థం, ఒకే ఆలస్యం.
"ప్రవాసీ కితీ?" అన్నారు.
బస్సెక్కేవాళ్లు ఎందరని వాళ్ల ప్రశ్న.
దుర్గం లచ్చయ్య దాన్ని తెలుగులో విన్నాడు.
"ప్రవాసులం కాదు సారూ, ఈడోళ్లమే.
నాగపూరన్నరు, బొంబాయన్నరు,
మేం కూసున్న కాడనే కూసున్నం.
హద్దులే మా మీదికెల్లి తిరిగినయ్,
టికెట్టు లేకుండ."
వాళ్లు కాగితం మీద ఏదో అంకె వేసుకున్నారు.

కిలోమీటరుకు ఇంత రాబడి,
రోజుకు ఇంతమంది ఎక్కితేనే బ్యాటరీ గిట్టుబాటు.
మధ్యలో ఒక గీత.
గీత కింది ఊళ్లన్నీ రెండో దశ.
"శనిదశ విన్న, రాహుదశ విన్న,
ఈ రెండో దశ ఎన్నేండ్లు ఉంటదిరా?" అంది పోశుబాయి.

ఆ రాత్రి వేబిల్లు ముందేసుకుని
ఆమె మొదటి ప్రశ్నకు జవాబు రాయబోయాను.
తోటాలో ఏమున్నాయి?
ఆరో నంబరు సీట్లో, వారానికి రెండుసార్లు
రక్తం కడిగించుకోను పోయే గట్టయ్య.
మిరపకోత నుంచి తిరిగొస్తూ
మంట చల్లారక
కిటికీల బయట పెట్టిన పదకొండు జతల చేతులు.
పాసు మీద తొమ్మిదో తరగతికి పోయే సునంద.
డీజిలు వాసనకు కొంగు అడ్డం పెట్టుకున్న
ఏడో నెల.
ఎవరిదో కోడి. దానికి సగం టికెట్టు కొట్టలేదు,
అదీ ఆడదే అని వాదించారు గానీ.
రాబడి: రెండు వందల నలభై.
ఖర్చు గడి దగ్గర పెన్ను ఆగింది.
కొన్ని పేర్లు అందులో పట్టవు.

మొన్న చైత్రంలో ఒకటి వచ్చింది, ట్రయలు.
మడావి బండుకు స్టీరింగు ఇచ్చారు.
ఇంజను మోత విని గుట్ట దిగేవాళ్లంతా
ఆ రోజు బస్సు తప్పిపోయారు.
ఎప్పుడొచ్చిందో వినబడనే లేదు.
రోడ్డంతా ఇప్పపూలు ఆరబోసిన పోశుబాయి
తలెత్తేసరికి ఎదురుగా ఉంది.
లేచి, ఎద్దును తట్టినట్టు
దాని పక్కటెముక మీద చెయ్యేసింది.
"దీనికి జొరం లేదేందిరా" అంది.
మా పాత బండి ముట్టుకుంటే కాలుతుంది,
వణుకుతుంది.

రేపొస్తదా, అని అడగలేదు.
నేనూ చెప్పలేదు.

మరునాడు మా పాత బండిలో పోతుంటే చూశాను.
ఇప్పపూలు మళ్లీ ఆరబోసి ఉన్నాయి,
రోడ్డుకు ఇటు సగం, అటు సగం.
నడుమ మాత్రం
బస్సు పట్టేంత వెడల్పు
శుభ్రంగా ఊడ్చి వదిలింది.