మడతబందులకు నూనె

రాత్రి ఎనిమిదింటికి
విగో ఊరు ఊరంతా బాల్కనీల్లోకి వచ్చేది.
రేవు మీంచి గాలి, దాని వెంట సన్నటి తుంపర.
ఎదురింటి అమారో మూకుడు మీద గరిటెతో
దరువు వేసేవాడు.
నేనూ చప్పట్లు కొట్టేవాణ్ణి.
ఓడల యార్డులో నలభై ఏళ్లు వెల్డింగు చేసిన చేతులు,
ఎడమచేతికి రెండు వేళ్లు లేవు.
చప్పట్లలోనూ ఆ లోటు తెలుస్తుంది,
తడిసిన చెక్కని తట్టినట్టు.

మా పై అంతస్తులో ఉషీయా.
పెద్దాసుపత్రిలో రాత్రి డ్యూటీ.
డాక్టరు కాదు, నర్సు కూడా కాదు.
రోగుల్ని పక్కకి ఒత్తిగిల్లించే మనిషి,
పక్కగుడ్డలు మార్చే మనిషి,
ఫోను వాళ్ల చెవి దగ్గర పెట్టి
అవతలివాళ్ల ఏడుపు అయిపోయేదాకా
చెయ్యి దించకుండా నిలబడే మనిషి.
ఇదంతా నాకు తర్వాత తెలిసింది.
అప్పటికి తెలిసిందల్లా
తెల్లారి ఏడున్నరకి వీధి తలుపు కిర్రుమనడం,
లిఫ్టు ఉండగా
అయిదంతస్తుల మెట్లూ ఆమె
బూట్లు చేత్తో పట్టుకుని ఎక్కడం.

ఎందుకో ఒక మంగళవారం తెలిసింది.
లిఫ్టు అద్దానికి అంటించిన కాగితం:
"మీ సేవకి వందనం.
కానీ ఇక్కడ ముసలివాళ్లున్నారు, పిల్లలున్నారు.
కొన్నాళ్లు ఇంకెక్కడైనా ఉండగలరా?"
సంతకం లేదు.
సంతకం దేనికి,
ఏటేటా మెట్ల దీపాల ఖర్చు లెక్కగట్టే
ఆ చేతిరాత నాకు తెలీదా?
ముసలివాళ్లంటే ఈ మేడలో నేనే.
పేరెత్తకుండా నన్ను సాక్షిని చేశారు.

చింపాల్సింది.
చింపలేదు.
చేతిలో రొట్టెల సంచీ ఉందనుకున్నాను,
కళ్లజోడు తేలేదనుకున్నాను.
నిజం చెప్పాలంటే
భయం నాతో పాటే లిఫ్టెక్కి
నాలుగో అంతస్తులో నాతో పాటే దిగింది.
ఆ రాత్రి ఎనిమిదింటికి
అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

మర్నాడు అదే కాగితం అడుగున
పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు:
"వెళ్లడానికి చోటు లేదు. మెట్లే వాడుతున్నాను.
ఒక్క మాట. ఎనిమిదింటికి కొంచెం మెల్లగా.
అప్పటికి నాకింకా
నలభై నిమిషాల నిద్ర మిగిలుంటుంది."

నలభై నిమిషాలు!
పూలనుకుని రోజూ మేము
ఆమె నిద్ర మీద గిన్నెలు చల్లుతున్నాం.

అప్పుడు చింపాను.
పై ముక్క చెత్తబుట్టలోకి,
పెన్సిలు ముక్క నా చొక్కా జేబులోకి.
వీధికి అడ్డంగా నిలబడి, మాస్కులోంచి
అమారోకి సంగతి చెప్పాను.
గరిటె పట్టుకుని అలాగే నిలుచుండిపోయాడు.
"మరి ఏం చెయ్యాలి?" అన్నాడు,
గరిటె తప్ప ఇంకో భాష రానివాడిలా.
నాకు మాత్రం ఏం తెలుసు?

అటకమీది పనిముట్ల పెట్టె దించాను.
వీధి తలుపుకి మూడు మడతబందులు,
ఉప్పుగాలికి తుప్పెక్కి ఉన్నాయి.
గీకి, తుడిచి, చుక్కచుక్కగా నూనె పోశాను.
గడియ తగిలేచోట పాత సైకిలు ట్యూబు ముక్క.
రెండు వేళ్లు లేని చెయ్యి
ఆ ఒక్కరోజు దేనికీ తడుముకోలేదు.

ఆ సాయంత్రం పక్క వీధుల్లో మోత ఎప్పటిలాగే.
మా వీధిలో మాత్రం
అరచేతులు ఒకదానికొకటి ఆనించి
ఊరికే నిలబడ్డాం.
మూడో ఇంటి బ్రైస్, ఆరేళ్లవాడు,
టార్చిలైటు వెలిగించి ఆర్పుతూ ఉన్నాడు.
మా మేడ రెండో అంతస్తు కిటికీ మూసే ఉంది.
మూసిన కిటికీ కూడా చప్పుడు చెయ్యలేదు కదా,
ఇవాళ్టికి అదే చాలనుకున్నాను.

తెల్లారి ఏడున్నర.
తలుపు కిర్రుమనలేదు.
ఎనిమిదైంది. లేదు.
నేనే నూనె పోసిన సంగతి మర్చిపోయి
గుండె జారి
మెట్ల దగ్గరికొచ్చి చెవి పెట్టాను.
ఎంతసేపో.

అప్పుడు పైన
కుళాయి విప్పిన చప్పుడు.
ఎవరో చాలాసేపు
చేతులు కడుక్కుంటున్నారు.