పుల్ల పాతిన చోట

మీటరు గంటల లెక్క.
బకెట్ కదిలినంతసేపే నాకు కూలి,
ఆగి చూసినంతసేపూ జేబుకి చిల్లు.

పాయకాపురం దాటాక, ప్లాట్ల జెండాలు మొదలయ్యే చోట
బుడమేరు గట్టు కింద ఒక మడుగు మిగిలింది.
నాలుగెకరాలుండేదట.
ఇప్పుడు అరెకరం నీళ్ళు, మిగతాదంతా
లారీలు దింపిన మట్టి, పగిలిన టైల్సు,
ఎవరిదో పెళ్ళిభోజనాల ప్లేట్లు.

ఏప్రిల్. పొక్లెయిన్ క్యాబిన్‌లో
నా బనీను పిండితే గ్లాసుడు వచ్చేట్టుంది.
మొదటి బకెట్ బురద ఎత్తి గట్టున పోశాను.
రెండోది పోశాను.
మూడోదాంట్లో
ఒక రాయి కాళ్ళు చాపింది.

ఇంజను ఆపకుండానే దిగాను.
తడి బెల్లం రంగు డిప్ప.
నన్ను చూసి వెనక్కాళ్ళు లోపలికి లాక్కుంది,
వాటి మీద చిన్న చర్మపు తలుపులు మూసుకున్నాయి.
డిప్ప అంచున బకెట్ పన్ను గీరిన గీత,
తెల్లగా, సుద్దముక్కతో హాజరు వేసినట్టు.

తూటికూర కోస్తున్న సువార్తమ్మ
మోకాలి లోతులోంచి అరిచింది:
"నాగుల్ మీరా! ఆపరా ఆ బండి!
ఎండాకాలం అవి బురద కప్పుకుని పడుకుంటాయి.
ఉరుము వినపడితేగానీ లేవవు.
నీ బండి మోత విని
వానొచ్చిందనుకుంటన్నాయిరా!"

ఆపాను.
ఆ నిశ్శబ్దంలో
నా చెవులు చాలాసేపు ఇంజనులాగే కొట్టుకున్నాయి.

నేనేం పుణ్యాత్ముణ్ణి కాదు.
పదేళ్ళప్పుడు ఇదే మడుగులో పట్టి
గోనెసంచిలో వేసి, చేపల బజారు వెనక
ఒక్కోటి పది రూపాయలకి అమ్మాను.
తిరగేసి పెడితే పారిపోవు.
ఆ కిటుకు నాకెవరూ నేర్పలేదు.

ఆమె చీర ఎగదోపి బురదలో నడిచింది,
మడమతో నొక్కి నొక్కి,
నుదుటి మీద చెయ్యేసి జ్వరం చూసినట్టు.
గట్టిగా తగిలిన ప్రతిచోటా ఒక సర్వి పుల్ల పాతింది.
పదకొండు పుల్లలు.
పన్నెండోదానికి పుల్ల చాలక
కూరకట్ట దారం తెంపి తుంగకి కట్టింది.

సూపర్‌వైజర్ రంగబాబు ఫోన్లో నవ్వాడు:
"పుల్లలకి బిల్లు రాదు బాబూ.
ఇంటికి మాత్రం తీసుకుపోకు,
తాబేలు దూరిన ఇల్లు బాగుపడదు."

అంటారు, నిజమే.
ఇళ్ళు దూరిన మడుగు సంగతి మాత్రం
ఎవరూ సామెత కట్టలేదు.
వరదొచ్చిన ఏడు మా మూడో మెట్టు మీద
ఒకటి కూర్చుంది, రెండు రోజులు.
అమ్మ చీపురు తీసి, మళ్ళీ దించింది.
తన పాత చిరునామా వెతుక్కుంటూ వచ్చిందేమో,
మాకేం తెలుసు.

పుల్లల చుట్టూ తిప్పి తిప్పి తవ్వాను.
కాలవ వంకర పోయింది. పోనీ.
గీత పడ్డదాన్ని చేత్తోనే దించాను.
కాసేపు కదల్లేదు.
తర్వాత బురద దాన్ని మింగిందో,
అదే బురదని కప్పుకుందో.

ఆ రోజు మీటరులో రెండు గంటలు తక్కువ.
సువార్తమ్మ ఇచ్చిన కూరకట్ట ఒకటి ఎక్కువ.

మొన్న రాత్రి నిజంగానే ఉరిమింది.
నిద్రలోంచి లేచి కూర్చున్నాను.
ఇది నా బండి కాదు,
ఈసారి వానే, లేవచ్చు, అని
వాటికి ఎవరు చెప్పాలి?
చెబితే మాత్రం
నా మాట ఎందుకు నమ్మాలి?