ఆగి ఉన్న బండి

సాలూరు ఘాటు నలభై సార్లు దిగేను,
వానలో, లారీల వెనక, బ్రేకులు కాలే వాసనలో.
ఒక్కసారీ పడలేదు.
పడింది ఇక్కడ, కోరాపుట్ పెట్రోలు బంకులో,
ఆగి ఉండగా,
ఇంజను ఆపి, తాళం తీసి
ట్యాంకు మూతలో పెట్టేలోగా.

బుల్లెట్టు పాతదే. జీపీఎఫ్ అప్పు.
"నీ కాళ్ళకి ఎత్తయిపోద్ది" అంది పైడితల్లి.
టేపు తెచ్చి కొలిచింది కూడా, సీటుని, నా కాలిని.
ఆ మూడంగుళాల తేడా గురించి నేనేమీ అనలేదు.
మడమ ఎత్తు బూట్లు కొనుక్కొచ్చాను.

ఈ ఊళ్ళో చదునైన చోటు ఎక్కడుంది చెప్పండి?
బజారు ఒక వాలు, కచేరీ ఒక వాలు,
జగన్నాథుడి దగ్గరికెళ్ళినా మెట్లే.
బంకువాడు సిమెంటు పోసినా
కొండ తన మాట వదులుకోలేదు.
ఎడమ కాలు కింద పెట్టాను.
పెట్టాననుకున్నాను.
కాలు వెళ్ళింది, వెళ్ళింది, ఇంకా వెళ్ళింది.
నేల రావలసిన చోట నేల లేదు.

పరుగులో పడితే ఒక్క క్షణం, తెలీదు.
నిలబడి పడటం అలా కాదు. దానికి బోలెడు తీరిక.
ముందు ఒక అనుమానంలా వాలుతుంది.
ఆపగలననుకుంటావు.
తొడ బిగిస్తావు, పళ్ళు బిగిస్తావు,
అంత ఇనుమూ
పెళ్ళివారింట్లో తాగిన మావయ్యలా
మర్యాదగా, నెమ్మదిగా, నీ మీదకి ఒరుగుతుంది.
ఆ తీరికలో అన్నీ కనబడ్డాయి:
నాజిల్ పట్టుకున్న కుర్రాడి నోరు,
మీటరు మీద సున్నాలు,
అల్లం బస్తాల ఆటోలో మాట ఆపేసిన
ముగ్గురు పరజా ఆడవాళ్ళు,
పక్క వరసలో స్కూటీ మీద ప్రసన్న పట్నాయక్ గారు,
చెప్పుల కాలు ఇటు చాపి.

ట్రెజరీలో ఆయనది నా పక్క టేబులు. పదకొండేళ్ళు.
"నమస్కార్ ఆగ్యాం"తో మొదలై
పింఛను బిల్లుల మీదుగా నడిచి
"కాలి దేఖా హెబ"తో ముగిసే ఒడియా.
నా ఒడియాలో సాలూరు మొలకెత్తుతుందని
రోజూ గెడ్డంతో పాటు దాన్నీ గీసుకుని వెళ్ళేవాణ్ణి.
ఆయనో, పూరీ పండాలా దొర్లించేవారు.
ఆయన్ని చూసే నా మాట సరిచేసుకునేది.

హ్యాండిలు కొస ఆయన బొటనవేలి మీద పడింది.

"ఓలమ్మో! సచ్చాన్రోయ్!"

బంకంతా నిశ్శబ్దం.
నేను బండి కింద, ఆయన వేలు పట్టుకుని,
ఒకే గోడ దూకుతూ దొరికిపోయిన ఇద్దరు దొంగల్లా
ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం.
"తమరిది... ఏ ఊరండీ?" అన్నాను,
క్రాష్ గార్డు పిక్కని నొక్కుతుండగానే.
"పార్వతీపురం అవతల. ముందు ఇది లేపవయ్యా!"
నాజిల్ కుర్రాడు, పాపం, ఏం అడగాలో తెలీక
"ఆగ్యాం, కేతే టంకార?" అన్నాడు.
ఎంతకి కొట్టమంటారని.

లేపింది మేం కాదు.
ఆటో దిగిన ఆ ముగ్గురు.
ఒకామె హ్యాండిలు, ఒకామె వెనక కమ్మీ,
మూడో ఆమె నన్ను, చంకల కింద చేతులేసి,
అల్లం బస్తా ఎత్తినంత సులువుగా.
వాళ్ళ మాటలో ఏదో అనుకున్నారు. నవ్వారు.
పదకొండేళ్ళలో
ఆ మాటొక్కటీ నేను నేర్చుకోలేదు.

క్లచ్ లివరు వంగింది. ఇండికేటరు పగిలింది.
ఎవడో గుద్దేశాడని పైడితల్లికి చెప్దామనుకున్నాను.
మడమ ఊడిన బూటు
నాకన్నా ముందు గుమ్మం ఎక్కి అంతా చెప్పేసింది.
టేపు ఇంకా టేబులు మీదే ఉంది.

మర్నాడు పట్నాయక్ గారు వేలికి కట్టుతో
"నమస్కార్ ఆగ్యాం" అన్నారు, అందరి ముందూ, ఎప్పటిలాగే.
నేనూ అన్నాను.
తరవాత ఫైలు ఇటు తోస్తూ,
తల ఎత్తకుండా, చాలా చిన్నగా:
"ఏటి బావూ, స్టాండేసే వచ్చావా?"