కొలత తేడా

కళింగపట్నంలో ఆ ఏడు
ఓడలకెత్తడానికి బట్టల మూటలు లేవు.
నేతగాళ్ళు మగ్గం కర్రల్నే పొయ్యిలో పెట్టేశారు.
వంశధార ఇసకలో చెలమ తవ్వితే
తడి ఇంకా లోపలికి పారిపోయేది.

దొరల గిడ్డంగి అరుగు మీద
పాదిరీ ఇనప్పెట్టె తెరిచాడు.
చచ్చిపోయిన ఓ షావుకారు
బీదలకని రాసి వదిలిన వరహాలు.
వరహాలు చోళ్ళయ్యాయి, చోళ్ళు పిండయ్యాయి.
పేరు రాయించుకోవాలి, ప్రార్థన అప్పజెప్పాలి.
ఆకలి నోటికి ఆ మాటలు తిరిగేవి కావు.
తిరిగినంత చాలనేవాడు ఆయన.
మనిషికి సోలెడు. తలగొట్టి సోలెడు.

కొలవడానికి పోలమ్మను పెట్టుకున్నారు.
జ్ఞానస్నానమప్పుడు మార్తా అన్నారు గానీ
వరసలో ఎవరూ ఆ పేరెత్తలేదు.
"పోలప్పా, గుంటడు నిన్నటేల నుంచీ కన్ను తెరవలేదే"
అనేవాళ్ళు.
ఆమె కొలిచేది.

ఒక రాత్రి ఆ ఇత్తడి సోలని
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
పచ్చడిబండకి గుడ్డ చుట్టి
లోపల్నుంచి నెమ్మదిగా కొట్టింది.
కుక్కలు మొరగలేదు.
అప్పటికి ఊళ్ళో కుక్కలు లేవు.
తెల్లారేసరికి సోలకి పొట్టొచ్చింది,
ఇంకా ఎవరికీ చెప్పుకోనంత,
మూడో నెల పొట్టంత.

గుప్పెడు.
మనిషికి గుప్పెడు ఎక్కువ.

నెలాఖరుకి లెక్క తప్పింది.
కాగితం మీద పన్నెండు కుంచాలు,
గాదెలో గాదె అడుగు.
ఎలకలా, అన్నాడు పాదిరీ.
ఎలకల్ని ఎప్పుడో తినేశాం బాబూ, అన్నారు.
దుబాసీ కాపలావాణ్ణి చూశాడు,
కాపలావాడు ఆకాశాన్ని చూశాడు.

అప్పుడాయన సోల అందుకున్నాడు.
బొటనవేలు లోపల పెట్టి గోడ వెంట తిప్పాడు.
ఒకచోట వేలు ఆగింది.

పోలమ్మ తల దించలేదు.
పిండి చేతుల్ని కొంగుకి తుడుచుకుని
ఆ కొంగు దులపకుండా ముడేసుకుంది.

వరస కదలడం లేదు.
ఎవరో చిన్నగా దగ్గారు.
ఆయన చాలాసేపు సముద్రం వైపు చూసి
సోల ఆమె చేతికే ఇచ్చేశాడు.

ఆ పొద్దు పద్దులో
ఈకకలం ఆగి ఆగి రాసింది:
పన్నెండు కుంచాలు, కొలత తేడా.
కారణం తెలియలేదు.

పోలమ్మకి చదువు రాదు.
ఆ రాత్రి
మళ్ళీ పచ్చడిబండ తీసింది.