పంటు తాడు

పదకొండేళ్ళు నరసాపురం రేవులో
పంటు మీంచి తాడు విసిరిన చేతులివి.
ఆటుకి ఒక ముడి, పోటుకి ఒక ముడి,
వరదరోజుల్లో పళ్ళతో బిగించే ముడి ఇంకోటి.
పనిలోకి తీసుకున్ననాడు
దీవెనమ్మ సిస్టర్ ఈ చేతులు తిప్పి తిప్పి చూసి
"ముందు గోళ్ళు తీయించుకు రా" అంది.

చేతులు కడుక్కోవడం
నలభయ్యో ఏట నేర్చుకున్నాను.
వేళ్ళ సందులు, బొటనవేలి మొదలు, మణికట్టు దాకా సబ్బు.
గోదాట్లో ముంచి తీస్తే చాలదుట.

తలుపు తీసే ఉన్నా తట్టాలి.
వినపడకపోయినా పేరు పెట్టి పిలవాలి, చివర గారు చేర్చి.
దుప్పటి తీసేముందు ఎందుకు తీస్తున్నానో చెప్పాలి.
"ఎవరికండీ చెప్పడం? ఆ మంచంలో మనిషికి తెలివే లేదు కదా"
అన్నాను ఓసారి.
సిస్టర్ చూసిన చూపు
ఇప్పటికీ అప్పుడప్పుడూ వీపుకి తగులుతుంది.

కామాయమ్మ గారి వేళ్ళు
దుప్పటి అంచు వెంట రోజంతా లేసు అల్లుతాయి.
దారం లేదు, సూది లేదు.
నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని
ఆ వేళ్ళనొక్కొక్కటే విప్పి తుడిచి
మళ్ళీ ఆపిన చోటే పెడతాను.
కుట్టు తప్పితే ఆవిడ ఊరుకోరు.

నల్లి సుందరం గారిని రెండు గంటలకోసారి పక్క మార్చాలి.
వీపుకో దిండు, మోకాళ్ళ మధ్యో దిండు,
మడమ పరుపుకి ఆనకూడదు.
ఎర్రబడిన చోట వేలితో నొక్కి
తెల్లబడుతోందా అని చూడాలి,
తెల్లబడకపోతే పరిగెత్తుకెళ్ళి చెప్పాలి.
రేవులో ఆరుగంటలకోసారి తిరిగేది నీరు.
ఆ నీటికి మూడింతల తొందర ఇక్కడ నాది.

కానీ అన్నం దగ్గర తొందర పనికిరాదు.
గెడ్డం కాస్త కిందికి, చెంచా సగమే,
గొంతు కదిలి ముద్ద దిగాకే ఇంకో ముద్ద.
మొదటి వారం నిలబడి పెట్టేశాను,
పొలమారి ఆయన పెదాలు నీలమయ్యాయి.
ఆ రాత్రి నాకు కూడు సయించలేదు.
మర్నాటినుంచీ స్టూలు లాక్కుని కూచుంటున్నాను.

ఇక లస్కరు వీరాస్వామి గారు.
ముప్పై రెండేళ్ళు కాలవ లాకుల దగ్గర
తలుపులు ఎత్తీ దించీ అరిగిపోయిన మనిషి.
రాత్రి రెండయ్యేసరికి లేచిపోతారు,
"తలుపులెత్తండ్రా, నీళ్ళు వదలాలి!"
చెప్పుల్లేకుండా, గోడ తడుముకుంటూ, వరండా చివరిదాకా.
బావమరిది వచ్చి చూసి
"మంచానికి కట్టెయ్యండి, పడితే ఎవరు పూచీ?" అన్నాడు.
అందరూ నావేపు చూశారు.
ముడులు తెలిసినవాణ్ణి కదా.

నిజం చెప్పొద్దూ, చేతులు దురదపెట్టాయి.
చర్మం ఒరుసుకోకుండా, ఊపిరాడేలా,
అంతంత పంటుని ఆపినవాడికి
బక్క మనిషో లెక్కా?
సిస్టర్ ఒక్కటే అడిగింది,
"ఆయనేం అడుగుతున్నాడో విన్నావా?"

ఆ రాత్రి వెంట నడిచాను.
అరడుగు వెనగ్గా, నడుంపట్టీ మీద చెయ్యేసి.
"నీళ్ళు వదలాలి..."
"ఆయ్, రండి, లాకు ఇటండి" అని
బాత్రూం లైటు వేశాను.
పంచె సర్ది మొహం పక్కకి తిప్పుకున్నాను.
చాలాసేపటికి, సన్నగా,
ఒక పిల్లకాలవ మొదలైంది.
ఆయన గోడకి చెయ్యానించి
డ్యూటీ దిగినవాడిలా నిట్టూర్చారు.

రిజిస్టర్లో నా కోడిగీతల్తో రాశాను:
రెండూ పదికి మూత్రం బాగా వచ్చింది.
తూలలేదు. నిద్రపోయారు.
రేపట్నుంచి ఒకటిన్నరకే మనమే లేపాలి.
కింద ఎర్రసిరాతో ఒక టిక్కు. అంతే.

ఆదివారం ఇంటి అటకమీంచి
పాత పంటు తాడు దింపాను.
ఉతికి, ఎండేసి,
వరండా పొడుగూతా కొక్కేలు కొట్టి
నడుమెత్తున లాగి కట్టాను,
వీరాస్వామి గారు పట్టుకు నడవడానికి.
సిస్టర్ వచ్చి తన బరువంతా వేసి వేలాడి చూసింది.
"ఇక్కడ వదులుగా ఉంది" అంది.

మళ్ళీ బిగించాను.
పళ్ళతో.