ఆకులు రాకముందు

ఫిబ్రవరిలో అంతా సవ్యంగానే ఉండేది.
సౌనా గది పొగగొట్టానికి యాంటెన్నా కట్టి
పైనుంచి ఎందెల్ అరిచాడు: "ఇప్పుడెంత?"
"మైనస్ నూట పది."
"ఇప్పుడు?"
"తొంభై ఎనిమిది! ఇక కదపకు!"
అప్పు తీరుతున్నట్టు అంకె తగ్గుతుంటే
వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

తార్తూ ఆసుపత్రి డాక్టర్లు
ఎక్స్‌రేలు చూస్తూ గొణిగే మాటల్ని
అక్షరాల్లో పెట్టడం నా పని.
ఎవరివో పక్కటెముకలు
మంచు మీదుగా మా ఇంటికొచ్చి
కుదురుగా తిరిగి వెళ్ళేవి.

మార్చిలో బిర్చి చెట్టుకి గొట్టం పెట్టి
పదకొండు సీసాల రసం పట్టాను.
మేలో అదే బిర్చి చిగురేసింది,
నువ్వుగింజంత, తర్వాత నాణెమంత.
ఒక ఉదయం డాక్టరు గొంతు
"ఎడమ ఊపిరితిత్తిలో" అని
అక్కడే ఆగిపోయింది.

ఏముంది ఎడమ ఊపిరితిత్తిలో?
తెరమీద చక్రం తిరుగుతూనే ఉంది.
పేరైనా తెలియని ఆ మనిషి కోసం
నిచ్చెనెక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను.

ఎందెల్ రంపం తెచ్చాడు.
నేను గ్లాసు నింపాను. రసం కాస్త పులిసింది.
తాగి, మూతి తుడుచుకుని,
రంపాన్ని గోడకి ఆనించాడు.
"చిత్తడినేల అవతల ఇంకో టవరుంది.
ఇరవై కిలోమీటర్లు. పిచ్చిపని."

యాంటెన్నాని ఊరికి వీపు తిప్పి పెట్టాం.
మధ్యలో నీళ్ళు, నాచు,
మోకాలెత్తు పైన్ మొక్కలు.
మైనస్ నూట ఆరు.
వాననాడూ అంతే, గాలినాడూ అంతే.

"మచ్చ ఏదీ లేదు," అన్నాడు డాక్టరు.
టైపు చేసి మెటికలు విరుచుకున్నాను.

కొంగలు లేచినప్పుడు
ఒక అంకె అటూ ఇటూ అవుతుందంటాడు ఎందెల్.
నేను నమ్మను.
కొంగలు లేచినప్పుడల్లా మాత్రం
అంకె చూస్తాను.