సున్నపు తేట

కళింగపట్నం నుంచి ముప్పై లీటర్ల సముద్రం
రెండు క్యాన్లలో, గరగయ్య ఆటోలో వచ్చింది.
"ఉప్పునీళ్ళకి కిరాయిచ్చే మనిషిని ఇప్పుడే సూసినాను"
అన్నాడు. కిరాయి మాత్రం తగ్గించలేదు.
గార ఊళ్ళో స్పీడ్‌బ్రేకర్ మీద ఒలికిన గుక్కెడు
సీటు మీద ఆరి, తెల్లగా, ఏదో దేశం పటంలా ఉంది.

నీళ్ళతోపాటు, తడి గోనెగుడ్డలో
మూడు గుల్లలు.
వంశధార సముద్రంలో కలిసేచోట
కాలి బొటనవేలితో తడిమి తీసినవి.

"చేపలేవమ్మా?" అంది మా సుభద్ర.
చేపల్లేవు.
గాజుతొట్టి, నాలుగంగుళాల ఇసుక, బుడగల మోటారు,
ఇసుకలోకి దిగిపోయి కనపడని మూడు ప్రాణాలు.
శ్రీకాకుళంలో మా ఇంటికి ఎవరొచ్చినా
"ఇంకా ఏవీ కొనలేదా?" అంటారు.
కూచోవాలి. బియ్యం ఏరేంతసేపు కూచోవాలి.
అప్పుడు ఇసుకలో రెండేసి రంధ్రాలు తెరుచుకుంటాయి,
చొక్కాకి కాజాల్లాగా.
ఒకదాంట్లోంచి పీల్చి, ఒకదాంట్లోంచి వదిలి.
చిటికెడు యూరియా వేసి కిటికీలో పెంచిన పచ్చనీళ్ళు
సాయంత్రం చెంచాతో పోస్తే
పొద్దుటికి అద్దంలా ఉంటుంది తొట్టి.
అదే వాటి భోజనం. అదే వాటి పని కూడా.

ఆడపిల్లల కాలేజీలో లాబ్ అటెండర్ని, ఇరవై రెండేళ్ళు.
ఏటా సున్నపు తేట తీసేది నేనే.
పిల్లలు గొట్టం పెట్టి ఊదుతారు,
ఊపిరి తగిలి నీళ్ళు పాలవుతాయి,
కెవ్వుమంటారు ప్రతి ఏడూ, అదేదో వాళ్ళకే జరిగినట్టు.
గుల్ల పెరగాలంటే సున్నం కావాలి.
ఆ సీసాలోంచి ఒక చెంచా తెచ్చుకున్నాను.
రిజిస్టర్లో రాయలేదు.
రాత్రి సెలైన్ సెట్టు వేలాడదీసి, చక్రం బిగించి,
చుక్కకీ చుక్కకీ మధ్య నాలుగు అంకెలు.
తొందరపడితే చస్తాయి.

మా అమ్మమ్మ ఎండమ్మ గుల్ల కాల్చేది.
బట్టీలో ఒక వరస ఊక, ఒక వరస గుల్ల, మళ్ళీ ఊక.
చల్లారాక నీళ్ళు చల్లితే
గుల్ల బుస్సుమని లేచి, విరిగి, పిండయ్యేది.
ఆ పిండి ఆమె అరచేతుల్ని తినేసింది.
సోది చెప్పేది చెయ్యి పట్టుకుని చూసి వదిలేసిందట:
"నీకు గీతల్నేవు, ఏటి సెప్పమంతావు?"
"నాకు నేకపోతే ఏటి, ఊళ్ళో గోడలన్నీ నావే కావా" అందట.
రేషన్ మిషన్ మీద నా వేలు కూడా
రెండోసారికి గానీ పడదు.

కార్తీకంలో తుఫాను రాత్రి కరెంటు పోయింది.
మోటారు ఆగింది.
చెంబుతో నీళ్ళు పైకెత్తి పోస్తూ, పోస్తూ,
సుభద్ర ఒక వంతు, నేనొక వంతు,
కోడి కూసేదాకా ఇంట్లో చిన్న వాన.
మర్నాడు ఒకటి ఇసుక మీదికొచ్చి పడి ఉంది, నోరు తెరిచి.
గోటితో తట్టాను. మూసుకోలేదు.
బతికున్నది తలుపేసుకుంటుంది,
చచ్చినదానికి దాపరికం ఏముంటుంది?
వాసన రాకముందే తీసి పెరట్లో పాతాను.
సగం నీళ్ళు మార్చాను. గరగయ్యకి ఇంకో కిరాయి.

సంక్రాంతి వెళ్ళాక ఒకదాన్ని బయటికి తీసి
దీపం దగ్గర పెట్టి చూశాను.
పాత చిప్ప మట్టిరంగు. దాని అంచున
గోరు కత్తిరిస్తే రాలే ముక్కంత సన్నంగా
ఒక తెల్లటి గీత.
సముద్రంలో పుట్టింది కాదది. మా వంటింటి పక్కన పుట్టింది.

అమ్మమ్మ బండ్ల లెక్కన కాల్చింది.
నేను రాత్రికి అరలీటరు ఇస్తున్నాను.
ఈ లెక్క ఎప్పటికి తెగుతుందో అడగలేదు నన్ను నేను.

లైటు ఆర్పాక చుక్క వినపడుతుంది,
ఒకటి, రెండు, మూడు, నాలుగు, చుక్క.
"మూసుకుంటందా?" నిద్దట్లోంచి సుభద్ర.
లేచి వెళ్ళి, చెయ్యి ముంచి, తట్టాను.

మూసుకుంది.